విహార నౌకాయానం

విహార నౌకాయానం అంటే ఒక చోటి నుండి మరొక చోటికి చేరుకోవడం కోసం కాక, ప్రయాణమే ముఖ్యోద్దేశంగా వినోదం కోసం సముద్రంపై చేసే ఓడ ప్రయాణం. వాడుకలో దీనిని క్రూజ్ అని, ఇందుకు ఉపయోగించే ఓడను క్రూజ్ నౌక లేదా విహార నౌక అని అంటారు. ఇది మూడు, నాలుగు రోజుల చిన్న యాత్ర మొదలుకొని భూమిని చుట్టివచ్చే నాలుగు నెలల సుదీర్ఘ యాత్ర వరకు ఉంటుంది. సాధారణంగా ఓడ బయలుదేరిన రేవుకే తిరిగి వస్తుంది. దారిలో కొన్ని రేవులలో కొన్ని గంటల పాటు ఆగుతుంది.

బస, భోజనం, వినోదం, ప్రయాణం అన్నీ ఒకే టిక్కెట్టులో ఇమిడి ఉండడం వలన పిల్లలు, పెద్దలు, వృద్ధులు కలసి చేసే కుటుంబ యాత్రలకు ఇది అనువైనదిగా పేరు పొందింది. క్రూజ్ కంపెనీల అంతర్జాతీయ సంఘం లెక్కల ప్రకారం 2019లో 2.97 కోట్ల మంది, 2024లో 3.46 కోట్ల మంది సముద్ర విహార యాత్రలు చేశారు.

ఓడ ఎంత పెద్దదైనా సముద్రానికి, వాతావరణానికి లోబడే ప్రయాణించాలి. అందుచేత యాత్రకు ముందు ప్రకటించే రేవుల పట్టిక ఒక ప్రణాళిక మాత్రమే. గాలి, అలలు అనుకూలించనప్పుడు రేవులో ఆగడం రద్దు కావచ్చు, దారి మారవచ్చు, తిరుగు ప్రయాణం ఆలస్యం కావచ్చు. ఈ మార్పులు ప్రయాణికులకు నిరాశ కలిగించినా, ఓడ భద్రత చాలావరకు వీటిపైనే ఆధారపడి ఉంటుంది.

చరిత్ర

19వ శతాబ్దం మొదట్లో సముద్ర ప్రయాణం అవసరార్థం చేసేది మాత్రమే. ఉత్తరాలను, సరకులను, ఉద్యోగులను, వలస పోయేవారిని చేరవేసే ఓడలలోనే ఇతర ప్రయాణికులు కూడా వెళ్ళేవారు. 1844లో బ్రిటన్‌కు చెందిన పి అండ్ ఓ కంపెనీ సౌతాంప్టన్ నుండి జిబ్రాల్టర్, మాల్టా, ఏథెన్స్ వంటి చోట్లకు విహార యాత్రలను ప్రకటించింది. అదే సంవత్సరం ఆ కంపెనీ ఓడలలో మధ్యధరా ప్రాంతాన్ని చుట్టివచ్చిన ఆంగ్ల రచయిత విలియం మేక్‌పీస్ థాకరే తన అనుభవాలను 1846లో పుస్తకంగా వెలువరించాడు. ఈయన 1811లో కలకత్తాలో జన్మించాడు. 1867లో క్వేకర్ సిటీ అనే ఓడలో యూరప్, పాలస్తీనా యాత్ర చేసిన అమెరికా రచయిత మార్క్ ట్వేన్ కూడా ఆ యాత్రపై ఒక ప్రసిద్ధ గ్రంథం రచించాడు.

అట్లాంటిక్ మహాసముద్రంలో చలికాలపు ప్రయాణం కఠినంగా ఉండడం వలన ఆ నెలలలో ఓడలకు ప్రయాణికులు తగ్గిపోయేవారు. ఖాళీగా ఉండే ఓడను వెచ్చని సముద్రాలకు పంపాలన్న ఆలోచన జర్మనీకి చెందిన హాంబర్గ్ అమెరికా లైన్ నిర్వాహకుడు ఆల్బర్ట్ బాలిన్‌కు కలిగింది. ఆ ప్రకారం 1891 జనవరిలో ఆగస్టా విక్టోరియా అనే ఓడ మధ్యధరా సముద్ర యాత్రకు బయలుదేరి రెండు నెలల తరువాత తిరిగి వచ్చింది. ఇదే కంపెనీ 1900లో నీటిలోకి దించిన ప్రిన్సెసిన్ విక్టోరియా లూయిసా కేవలం విహారం కోసమే నిర్మించిన మొదటి ఓడగా ప్రసిద్ధి చెందింది. అది 1906లో జమైకా తీరం వద్ద నేల తాకి ధ్వంసమైంది.

1958లో అట్లాంటిక్ మీదుగా జెట్ విమానాల రాకపోకలు మొదలయ్యాక, ఒకప్పుడు ఓడలో అయిదారు రోజులు పట్టే దూరం కొద్ది గంటలకు తగ్గింది. ప్రయాణికుల ఓడల కాలం ముగిసిందనుకొన్న తరుణంలో, 1966లో సన్‌వార్డ్ అనే ఓడ అమెరికాలోని మయామి నుండి బహామాస్‌కు క్రమం తప్పని విహార యాత్రలు ప్రారంభించింది. 1968లో రాయల్ కరీబియన్, 1972లో కార్నివాల్ కంపెనీలు ఏర్పడ్డాయి. 1977లో మొదలైన లవ్ బోట్ అనే టెలివిజన్ ధారావాహిక వలన విహార యాత్ర ధనికులకే పరిమితం కాదన్న భావన అమెరికాలో వ్యాపించింది. ఓడను ప్రయాణ సాధనంగా ఓడించిన విమానమే ఆ తరువాత యాత్రికులను రేవులకు చేరవేస్తూ ఈ పరిశ్రమ వృద్ధికి తోడ్పడింది.

విహార నౌక స్వరూపం

విహార నౌకల పరిమాణాన్ని స్థూల టన్నేజిలో చెబుతారు. పేరులో టన్ను ఉన్నా ఇది బరువు కాదు, ఓడలోపల ఉన్న మొత్తం చోటును సూచించే కొలత. 1988లో వచ్చిన సావరిన్ ఆఫ్ ద సీస్ స్థూల టన్నేజి సుమారు 73,000 కాగా, 2009లో వచ్చిన ఒయాసిస్ ఆఫ్ ద సీస్ స్థూల టన్నేజి 2,25,000 దాటింది. 2024 జనవరిలో తొలి యాత్ర చేసిన ఐకాన్ ఆఫ్ ద సీస్ పొడవు సుమారు 365 మీటర్లు, స్థూల టన్నేజి సుమారు 2,48,000. ఇందులో గరిష్ఠంగా 7,600 మంది ప్రయాణికులు, 2,350 మంది సిబ్బంది ఉండవచ్చు.

ఒయాసిస్ ఆఫ్ ద సీస్ నీటి మట్టానికి పైన సుమారు 72 మీటర్ల ఎత్తు ఉంటుంది. నీటిలో మునిగి ఉండేది సుమారు 9 మీటర్లు మాత్రమే. చూసేవారికి ఇది తలబరువుగా కనిపించినా ఇంజన్లు, ఇంధనం, మంచినీటి తొట్లు వంటి బరువైనవన్నీ అడుగు భాగంలో ఉంటాయి. పై అంతస్తులలో తేలికైన లోహాలను ఎక్కువగా వాడతారు. అందుచేత గురుత్వ కేంద్రం కిందనే ఉండి, పక్కకు ఒరిగిన ఓడ తిరిగి నిటారుగా నిలుస్తుంది. అయితే ఎత్తైన పక్క భాగాలు తెరచాప వలె గాలిని అడ్డుకొంటాయి. గాలి వేగం రెండింతలైతే ఓడపై దాని ఒత్తిడి నాలుగింతలవుతుంది. ఇరుకైన రేవులలో ప్రవేశించేటప్పుడు ఇది ముఖ్యమైన సమస్య.

ప్రయాణ క్రమం

ప్రయాణికులు రేవులోని టెర్మినల్‌లో సామాను అప్పగించి, భద్రతా తనిఖీ, పాస్‌పోర్టు తనిఖీ ముగించుకొని ఓడ ఎక్కుతారు. ప్రతి ఒక్కరికీ ఒక కార్డు ఇస్తారు. గది తాళం, ఓడలోని కొనుగోళ్ళు, రేవులలో దిగి ఎక్కడం అన్నీ దీనితోనే జరుగుతాయి. ఓడలో ఎవరున్నారో, ఎవరు లేరో సిబ్బందికి ఈ కార్డు ద్వారానే తెలుస్తుంది.

బయలుదేరే ముందు గానీ, బయలుదేరిన వెంటనే గానీ అత్యవసర కసరత్తు తప్పనిసరిగా జరుగుతుంది. ఏడు చిన్న కూతలు, ఆపై ఒక పొడవైన కూత వినిపిస్తే ప్రతి ఒక్కరూ తమకు కేటాయించిన సమావేశ స్థలానికి చేరాలి. చిన్న పిల్లలకు సరిపడే లైఫ్ జాకెట్లు వేరుగా ఉంటాయి. పిల్లలు ఆట గదిలో ఉన్న సమయంలో ప్రమాద సూచన వస్తే వారిని ఎవరు ఎక్కడికి తీసుకువస్తారన్నది తల్లిదండ్రులు మొదటి రోజే సిబ్బందిని అడిగి తెలుసుకోవడం అవసరం.

రేవులలో ఆగని రోజులను సముద్రపు రోజులు అంటారు. ఈ రోజులలో ఈత కొలనులు, నాటకశాల, గ్రంథాలయం, పిల్లల ఆట గదులు రద్దీగా ఉంటాయి. రేవు నుండి రేవుకు ప్రయాణం ఎక్కువగా రాత్రివేళ సాగుతుంది. 20 నాటుల వేగంతో, అనగా గంటకు సుమారు 37 కి.మీ. వేగంతో నడిచే ఓడ 12 గంటలలో దాదాపు 440 కి.మీ. దూరం వెళ్ళగలదు.

రేవులలో ఆగడం

విహార నౌక ఉదయం రేవు చేరి సాయంత్రం బయలుదేరడం పరిపాటి. కొన్ని రేవులలో ఓడ నేరుగా గట్టును ఆనుకొని నిలుస్తుంది. గట్టు లేని చోట గానీ, లోతు చాలని చోట గానీ సముద్రంలోనే లంగరు వేసి, టెండర్లు అనే చిన్న పడవలలో ప్రయాణికులను ఒడ్డుకు చేరుస్తారు. గ్రీసులోని శాంటోరిని, కరీబియన్‌లోని జార్జ్ టౌన్ ఇటువంటి రేవులకు ఉదాహరణలు. చాలా ఓడలలో ప్రాణరక్షక పడవలలో కొన్నింటినే టెండర్లుగా కూడా ఉపయోగిస్తారు.

రేవు పేరు, చూడబోయే నగరం పేరు ఒకటి కాకపోవచ్చు. రోము చూడదలచినవారు దిగే సివిటవెక్కియా రేవు రోముకు సుమారు 70 కి.మీ. దూరాన ఉన్నది. ఏథెన్సుకు రేవు పిరయస్. పటంలో ఎనిమిది గంటల ఆపుగా కనిపించేది, రాకపోకల సమయం పోగా నాలుగైదు గంటలే మిగలవచ్చు.

ఓడ బయలుదేరే సమయానికి అరగంట లేదా గంట ముందే అందరూ తిరిగి ఓడ ఎక్కాలి. ఓడ గడియారం, స్థానిక గడియారం ఒక్కొక్కసారి వేర్వేరుగా ఉంటాయి గనుక, ఏ సమయాన్ని పాటించాలో దిగేముందే తెలుసుకోవాలి. కంపెనీ ఏర్పాటు చేసిన విహారానికి వెళ్ళినవారు ఆలస్యమైతే సాధారణంగా ఓడ వేచి ఉంటుంది. సొంతంగా వెళ్ళినవారి కోసం వేచి ఉండదు. వారు సొంత ఖర్చుతో తరువాతి రేవుకు చేరుకోవలసి ఉంటుంది. అక్కడి దేశపు వీసా లేకపోతే ఇది మరింత చిక్కు. భారతీయ పాస్‌పోర్టు గలవారు అమెరికా నుండి బయలుదేరి ఇతర దేశాల రేవులు చూసి తిరిగి రావాలంటే ఒకటి కంటే ఎక్కువసార్లు ప్రవేశించే వీలున్న అమెరికా వీసా అవసరం.

ఏ రేవులో ఆగాలన్నది అందచందాలను బట్టి మాత్రమే నిర్ణయం కాదు. అమెరికాలో 1886 నాటి చట్టం ప్రకారం విదేశీ పతాకం గల ఓడలు అమెరికా రేవుల మధ్య ప్రయాణికులను చేరవేయడంపై ఆంక్షలు ఉన్నాయి. విహార నౌకలలో అధికభాగం బహామాస్, పనామా, మాల్టా వంటి దేశాలలో నమోదైనవే. అందువలన సియాటిల్ నుండి అలాస్కా వెళ్ళే ఓడలు కెనడాలోని విక్టోరియా వంటి రేవులో కొద్ది గంటలైనా ఆగుతాయి. కోవిడ్ కారణంగా కెనడా తన రేవులను మూసివేసినప్పుడు, 2021లో అమెరికా ప్రత్యేక చట్టం ద్వారా ఈ ఓడలకు తాత్కాలిక వెసులుబాటు ఇవ్వవలసి వచ్చింది.

రేవు ఆపు రద్దు కావడం

రేవు ఆపులు రద్దు కావడానికి ముఖ్య కారణాలు ఇవి:
* గట్టుకు చేరేటప్పుడు పక్కగాలి బలంగా వీయడం.
* అలల వలన రేవు పైలట్ తన పడవ నుండి ఓడలోకి ఎక్కలేకపోవడం.
* ఉబ్బుతెరల వలన టెండర్ పడవ, ఓడ తలుపు ఒకే ఎత్తులో నిలవకపోవడం.
* ముందున్న తుఫాను నుండి తప్పించుకోవడానికి త్వరగా బయలుదేరవలసి రావడం.

టెండర్లు వాడే రేవులలో రద్దులకు అవకాశం ఎక్కువ. ఓడలో నిలబడినవారికి సముద్రం ప్రశాంతంగా తోచినా, చిన్న పడవ మీటరు ఎత్తు లేచిపడుతూ ఉంటే వృద్ధులు, పిల్లలు అందులోకి అడుగు పెట్టడం ప్రమాదకరం. రేవు రద్దైనప్పుడు ఆ రేవుకు సంబంధించిన పన్నులు, రుసుములు తిరిగి ఇవ్వడం పరిపాటి. టిక్కెట్టు సొమ్ము మాత్రం సాధారణంగా తిరిగి రాదు. రేవులను మార్చే హక్కు ఓడకు ఉన్నదని టిక్కెట్టు ఒప్పందంలోనే రాసి ఉంటుంది.

సముద్రం అల్లకల్లోలం కావడం

సముద్రపు అలల పరిమాణాన్ని మూడు విషయాలు నిర్ణయిస్తాయి. అవి గాలి వేగం, అది వీచే కాలం, అడ్డు లేకుండా అది నీటిపై సాగే దూరం. గాలి వీచే చోటనే పుట్టే అలలు పొట్టిగా, క్రమం లేకుండా ఉంటాయి. దూరాన ఎక్కడో తుఫానులో పుట్టి, వందల కిలోమీటర్లు ప్రయాణించి వచ్చే పొడవైన అలలను ఉబ్బుతెరలు అనవచ్చు. ఆకాశం నిర్మలంగా, గాలి లేకుండా ఉన్న రోజున కూడా ఓడ ఊగడానికి ఇవే కారణం.

లోతైన నీటిలో ఒక అల శిఖరం తరువాత మరొక శిఖరం 10 సెకన్లకు వస్తే ఆ రెంటి మధ్య దూరం సుమారు 156 మీటర్లు ఉంటుంది. 14 సెకన్లకు వస్తే సుమారు 306 మీటర్లు. 300 మీటర్ల ఓడ మొదటి రకం అలలపై ఒకేసారి రెండు శిఖరాలపై ఆనుతుంది గనుక అంతగా కదలదు. రెండవ రకం అలల పొడవు ఓడ పొడవుతో సమానం కావడం వలన ముందు భాగం లేచి, వెనుక భాగం దిగి, మళ్ళీ తారుమారవుతుంది. పెద్ద ఓడ ఊగదన్న నమ్మకం ఈ కారణంగా పూర్తిగా నిజం కాదు.

వాతావరణ సూచనలలో చెప్పే అల ఎత్తు, ఎత్తైన మూడవ వంతు అలల సగటు. వాటి మధ్య ఒక్కొక్క అల దీనికి దాదాపు రెండింతలు ఉండవచ్చు. 1995 జనవరి 1న ఉత్తర సముద్రంలోని డ్రాప్నర్ వేదిక వద్ద 25.6 మీటర్ల అల పరికరాలలో నమోదైంది. అప్పటివరకు నావికులు చెప్పే రాక్షస అలలను కొందరు శాస్త్రజ్ఞులు అతిశయోక్తులుగా భావించేవారు.

ఓడ కదలికలలో ప్రధానమైనవి మూడు: పక్కలకు ఊగడం, ముందు వెనుకలుగా లేచిపడడం, మొత్తం ఓడ పైకి కిందికి కదలడం. వీటిలో మొదటిదానిని తగ్గించడానికి ఓడ అడుగున రెండు వైపులా రెక్కల వంటి స్టెబిలైజర్లు ఉంటాయి. ఓడ వేగంగా వెళ్తున్నప్పుడు, విమానం రెక్కల వలె ఇవి నీటి ప్రవాహం నుండి బలాన్ని పొంది ఊగుడుకు ఎదురుగా తోస్తాయి. ఓడ నెమ్మదించినప్పుడు వీటి ప్రభావం తగ్గుతుంది. ముందు వెనుకల కదలికపై ఇవి అంతగా పనిచేయవు.

దక్షిణ అమెరికా కొనకు, దక్షిణ షెట్లాండ్ దీవులకు మధ్య సుమారు 800 కి.మీ. వెడల్పున ఉన్న డ్రేక్ జలసంధి, ఫ్రాన్సు, స్పెయిన్ తీరాల వద్దనున్న బిస్కే అఖాతం, చలికాలపు ఉత్తర అట్లాంటిక్ అల్లకల్లోలానికి పేరు పొందాయి. అట్లాంటిక్‌లో హరికేన్ల కాలం జూన్ 1 నుండి నవంబరు 30 వరకు ఉంటుంది. హరికేన్లు సాధారణంగా 10 నుండి 15 నాటుల వేగంతో కదులుతాయి. ఓడ వేగం అంతకు మించి ఉండడం వలన ముందస్తు సమాచారం ఉంటే వాటిని తప్పించుకోవడం సాధ్యమే. అందుకే హరికేన్ కాలంలో తూర్పు కరీబియన్ యాత్ర పడమటి కరీబియన్ యాత్రగా మారడం జరుగుతూ ఉంటుంది.

కెప్టెన్ నిర్ణయం

సముద్రంలో ప్రాణరక్షణకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందాన్ని సోలాస్ అంటారు. దీని అయిదవ అధ్యాయం ప్రకారం, ప్రాణ భద్రతకు అవసరమని కెప్టెన్ భావించే నిర్ణయాన్ని తీసుకోకుండా ఓడ యజమాని గానీ, కంపెనీ గానీ, మరెవరైనా గానీ అడ్డుకోరాదు. రేవు రద్దు చేసినందుకు కంపెనీకి నష్టం, ప్రయాణికులకు అసంతృప్తి కలుగుతాయి. ఆ రెండింటి ఒత్తిడి లేకుండా కెప్టెన్ నిర్ణయించగలగాలన్నదే ఈ నియమం ఉద్దేశం.

అల్లకల్లోలం ముందే తెలిసినప్పుడు ఓడ వేగం తగ్గిస్తారు లేదా అలలకు ఎదురుగా తిప్పుతారు. ఈత కొలనులు ఖాళీ చేస్తారు. బయటి డెక్కులు మూసివేస్తారు. వంటశాలలలో పాత్రలు కదలకుండా కట్టివేస్తారు. ప్రయాణికులు మెట్లపై పట్టుకమ్ములను పట్టుకొని నడవాలి. తలుపు చట్రంపై చేయి ఉంచరాదు. ఓడ ఊగినప్పుడు బరువైన తలుపు మూసుకొని వేళ్ళు నలిగిపోవడం తరచుగా జరిగే ప్రమాదం.

సముద్ర వికారం

లోపలి చెవిలోని సమతౌల్య అవయవాలు శరీరం కదులుతున్నదని చెబుతుండగా, గదిలోని గోడలను చూస్తున్న కళ్ళు అది నిశ్చలంగా ఉన్నదని చెబుతాయి. ఈ వైరుధ్యం వలన వికారం, చెమటలు, తల తిరగడం, వాంతులు కలుగుతాయన్నది ఎక్కువమంది అంగీకరించిన వివరణ. దాదాపు అయిదు సెకన్లకు ఒకసారి పైకి కిందికి కదిలే కదలిక వికారాన్ని ఎక్కువగా కలిగిస్తుంది. ఇది బలహీనతకు గుర్తు కాదు. బ్రిటిష్ నౌకాదళాధిపతి నెల్సన్ సైతం దీనితో బాధపడ్డాడు.

రెండేళ్ళ లోపు పిల్లలలో ఇది అరుదు. 6 నుండి 12 ఏళ్ళ పిల్లలలో ఎక్కువ. పురుషులకన్నా స్త్రీలలో, ముఖ్యంగా గర్భిణులలో, పార్శ్వపు తలనొప్పి గలవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తులలో కదలిక తక్కువ. ఓడ ముందు కొసన, పై అంతస్తులలో ఎక్కువ. దిగంతాన్ని చూస్తూ బయటి గాలిలో ఉండడం, పుస్తకాలు, ఫోను పక్కన పెట్టడం, కడుపు పూర్తిగా ఖాళీగా ఉంచకుండా తేలికైన ఆహారం కొద్దికొద్దిగా తీసుకోవడం ఉపయోగకరం. అల్లం వలన కొందరికి ఉపశమనం కలుగుతుంది గానీ పరిశోధనల ఫలితాలు ఏకాభిప్రాయంతో లేవు.

మెక్లిజిన్, డైమెన్‌హైడ్రినేట్, సిన్నారిజిన్ వంటి మందులను వికారం మొదలయ్యాక కన్నా ముందుగా తీసుకొంటేనే ప్రయోజనం. ఇవి మగతను కలిగించవచ్చు. చెవి వెనుక అంటించే స్కోపొలమైన్ పట్టీ పిల్లలకు, కొన్ని రకాల గ్లకోమా ఉన్నవారికి తగదు. పిల్లలకు, గర్భిణులకు, ఇతర మందులు వాడే వృద్ధులకు వైద్యుని సలహా లేకుండా ఏ మందూ ఇవ్వరాదు. చాలామందికి రెండు మూడు రోజులలో శరీరం అలవాటు పడుతుంది. ఒడ్డుకు చేరాక నేల ఊగుతున్నట్లు ఒకటి రెండు రోజులు అనిపించడం కూడా సహజమే.

కుటుంబ ప్రయాణాలు

చాలా కంపెనీలు ఆరు నెలలు నిండని శిశువులను అనుమతించవు. మహాసముద్రం దాటే యాత్రలకు ఈ పరిమితి 12 నెలలు. 24 వారాలు నిండిన గర్భిణులను కూడా సాధారణంగా అనుమతించరు. ఓడలో వైద్యుడు, చిన్న వైద్యశాల ఉన్నా శస్త్రచికిత్స, కాన్పు వంటి వాటికి పూర్తి ఏర్పాట్లు ఉండవు. హెలికాప్టరు రాలేనంత దూరంలోనో, రాలేనంత గాలిలోనో ఓడ ఉండవచ్చన్నదే ఈ పరిమితులకు కారణం. ఓడలో చికిత్సకు, ఒడ్డుకు తరలింపుకు అయ్యే ఖర్చును భరించే ప్రయాణ బీమా ముఖ్యంగా వృద్ధులకు అవసరం.

తిరుగు విమానాన్ని ఓడ దిగే రోజునే పెట్టుకొన్నవారు ఓడ ఆలస్యమైతే నష్టపోతారు. ఓడ ఎక్కడానికి కనీసం ఒక రోజు ముందే రేవు నగరానికి చేరుకోవడం మేలు. అనేకమంది ఒకే చోట భోంచేసే ఓడలో నోరోవైరస్ వంటి అంటువ్యాధులు త్వరగా వ్యాపిస్తాయి. దీనికి సబ్బు, నీటితో చేతులు కడుక్కోవడమే సరైన మార్గం. చేతులకు రాసుకొనే ఆల్కహాలు ద్రవాలు ఈ వైరస్‌పై అంతగా పనిచేయవు.

ప్రమాదాలు, భద్రతా నియమాలు

1912లో టైటానిక్ మునిగిన తరువాత 1914లో మొదటి సోలాస్ ఒప్పందం రూపొందింది. ప్రస్తుతం అమలులో ఉన్నది 1974 నాటి ఒప్పందం, దానికి చేసిన సవరణలు. దీని ప్రకారం అందరూ సమావేశ స్థలాలకు చేరి, ఓడను వదలమన్న ఆజ్ఞ వెలువడిన తరువాత 30 నిమిషాలలో ప్రాణరక్షక పడవలన్నింటినీ దించగలగాలి.

2010 మార్చి 3న స్పెయిన్ తీరానికి దూరంగా లూయిస్ మెజెస్టీ అనే ఓడను సుమారు 8 మీటర్ల అలలు మూడు తాకగా అద్దాలు పగిలి ఇద్దరు మరణించారు. 2012 జనవరి 13న ఇటలీలోని జిల్యో దీవి వద్ద ప్రశాంతమైన సముద్రంలోనే కోస్టా కాంకోర్డియా రాతిని ఢీకొని ఒరిగిపోయింది. 32 మంది మరణించారు. ఆ రోజే ఓడ ఎక్కినవారికి అప్పటికింకా కసరత్తు జరగలేదు. దీని తరువాత బయలుదేరే ముందు లేదా వెంటనే కసరత్తు జరపాలన్న నియమం 2015 జనవరి నుండి అమలులోకి వచ్చింది.

2019 మార్చి 23న నార్వే తీరంలో వైకింగ్ స్కై అనే ఓడ తుఫానులో ఇంజన్లన్నీ ఆగిపోయి రాళ్ళ వైపు కొట్టుకుపోయింది. కందెన నూనె తొట్లలో నూనె మట్టం తక్కువగా ఉండడం, ఓడ ఊగినప్పుడు పంపులకు నూనె అందకపోవడం దీనికి కారణమని తేలింది. ఓడలో ఉన్న 1,373 మందిలో 479 మందిని హెలికాప్టర్ల ద్వారా ఒక్కొక్కరిగా పైకి లాగి ఒడ్డుకు చేర్చారు. ఇంజన్లు తిరిగి పనిచేయడంతో మరునాడు ఓడ మోల్డె రేవు చేరింది. ప్రాణ నష్టం జరగలేదు. ప్రశాంత సముద్రంలో బయటపడని చిన్న లోపం అల్లకల్లోలంలో పెద్ద ప్రమాదంగా మారగలదని ఈ ఘటన నిరూపించింది.

2020 ఫిబ్రవరిలో జపాన్‌లోని యొకొహామా వద్ద నిలిపివేసిన డైమండ్ ప్రిన్సెస్ ఓడలోని 3,711 మందిలో 700 మందికి పైగా కోవిడ్ సోకింది. ఆ సంవత్సరం మార్చి నుండి ప్రపంచవ్యాప్తంగా విహార యాత్రలు చాలాకాలం నిలిచిపోయాయి.

రేవు పట్టణాలపై ప్రభావం

ఒకేసారి వేలమంది దిగడం వలన చిన్న పట్టణాల వర్తకులకు ఆదాయం లభిస్తుంది. అయితే రద్దీ, పొగ, పురాతన కట్టడాలకు నష్టం వంటి సమస్యలు కూడా ఉన్నాయి. ఇటలీ ప్రభుత్వం 2021 ఆగస్టు 1 నుండి పెద్ద ఓడలు వెనిస్ నగర మధ్యనున్న జూడెకా కాలువలో ప్రవేశించకుండా నిషేధించింది. అలాస్కాలోని జూనో నగరంలో 2024 నుండి రోజుకు అయిదు పెద్ద ఓడలకు మించి రాకుండా ఒప్పందం అమలులో ఉంది. 2020 నుండి ఓడల ఇంధనంలో గంధకం 0.5 శాతం మించరాదన్న అంతర్జాతీయ పరిమితి అమలవుతున్నది.

భారతదేశంలో

తెలుగువారికి సముద్ర ప్రయాణం కొత్త కాదు. 19వ శతాబ్దంలోను, 20వ శతాబ్దం తొలి సగంలోను కోరంగి, కాకినాడ, విశాఖపట్నం రేవుల నుండి వేలాదిమంది కూలి పనుల కోసం రంగూనుకు ఓడలలో వెళ్ళేవారు. బర్మాలో తెలుగువారిని కోరంగీలు అని పిలవడం ఇందువల్లనే. అవి బతుకుతెరువు ప్రయాణాలు. విహారం కోసం ఓడ ఎక్కడం ఇటీవలి కాలపు అలవాటు.

2021 సెప్టెంబరులో కార్డీలియా సంస్థ ఎంప్రెస్ అనే ఓడతో ముంబై నుండి గోవా, కొచ్చి, లక్షద్వీప్ తదితర చోట్లకు యాత్రలు ప్రారంభించింది. 2022 జూన్‌లో ఈ ఓడ విశాఖపట్నం నుండి కూడా నడిచింది. విశాఖపట్నం రేవులో సుమారు 96 కోట్ల రూపాయల వ్యయంతో నిర్మించిన అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ 2023 సెప్టెంబరులో ప్రారంభమైంది. 2024 సెప్టెంబరు 30న కేంద్ర ప్రభుత్వం క్రూజ్ భారత్ మిషన్ అనే కార్యక్రమాన్ని ప్రారంభించింది.

నైరుతి రుతుపవనాల కాలమైన జూన్ నుండి సెప్టెంబరు వరకు అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది. బంగాళాఖాతంలో తుఫానులు ఎక్కువగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు, తిరిగి ఏప్రిల్, మే నెలలలో వస్తాయి. లక్షద్వీప్‌లోని అగత్తి వద్ద పెద్ద ఓడలు గట్టుకు చేరలేవు. చిన్న పడవలలోనే దీవికి చేరాలి గనుక సముద్రపు తీరును బట్టే అక్కడ దిగడం సాధ్యమవుతుంది. కాబట్టి భారత తీరంలో విహార యాత్రకు నెలను ఎంచుకోవడం, ఓడను ఎంచుకోవడమంత ముఖ్యమైనది.

ఇవి కూడా చూడండి
* ఓడరేవు
* తుఫాను
* టైటానిక్
* విశాఖపట్నం
* లక్షద్వీప్